రైతుల కంపెనీలో పనివారు, కూలి పద్ధతులు

హైదరాబాదులో మూసారాంబాగు దాటి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోయినచో కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండెడిది. 2022లో అది విజయవాడ రోడ్డుపై బాటసింగారమునకు తరలినది. కొల్లాపూరు మామిడి, నల్లగొండ బత్తాయి ఏండ్ల తరబడి ఈ మార్కెట్టుకు చేరుచున్నవి. సరుకు పాడైనపుడు రైతులు ఎండను, లారీని, కమీషను ఏజెంటును నిందించుట పరిపాటి. కాయ కోసిన చేతిని, ఆ చేతికి కూలి ఇచ్చు పద్ధతిని తరచి చూచువారు తక్కువ.

మామిడినే చూడుడు. కాయను కొద్దిపాటి తొడిమతో కోసి, సొన కారిపోవునట్లు బోర్లించి, పిదప ట్రేలలో పేర్చవలెను. తొడిమ ఊడినచో సొన తొక్కను కాల్చి నల్లని మచ్చ చేయును. ఎత్తు నుండి పడిన కాయ ఆనాడు బాగుగనే కనబడును. మాగినప్పుడు గాని లోని దెబ్బ బయటపడదు. ట్రేల లెక్కన కూలి ఇచ్చినచో కూలివాడు తొందరపడును. అది అతని తప్పు కాదు, మనము డబ్బు ఇచ్చుచున్నది తొందరకే. రోజుకూలి ఇచ్చినచో నెమ్మది వచ్చును గాని పని సాగదు. ట్రేల లెక్కనే ఉంచి, మచ్చలేని సరుకుకు కొంత ఎక్కువ రేటు కట్టుట మధ్యేమార్గము. అయితే మచ్చలను కూలివాని యెదుటనే, అదే రోజున చూడవలెను. రెండు రోజుల తరువాత కూలిలో కోత పెట్టినచో, మరుసటి యేడు మంచి కోతగాండ్రు మీ తోటకు రారు.

ఇప్పుడు రైతులు కూడి స్వంత కంపెనీలు పెట్టుకొనుచున్నారు. 2002 నాటి కంపెనీల చట్ట సవరణ ఇందుకు దారి తీసినది. 2020లో కేంద్ర ప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకమును ఆరంభించి, ఒక్కొక్క సంఘమునకు నిర్వహణ ఖర్చుల క్రింద మూడేండ్లలో 18 లక్షల రూపాయల వరకు సహాయము ఏర్పరచినది. మేనేజరు, లెక్కల గుమాస్తా జీతములు ఇందులోనివే. మూడేండ్లు గడచిన పిదప? చిక్కంతయు అక్కడనే ఉన్నది. జీతము ఆగిననాడు మేనేజరు వెళ్లిపోవును. అతనితోబాటు కొనుగోలుదారుల పరిచయములు కూడ పోవును. అందుచేత మొదటి యేటి నుండియే అమ్మకములపై కొంత సొమ్ము జీతముల నిధికి తీసిపెట్టవలెను. చుట్టమని మేనేజరును పెట్టుకొన్న డైరెక్టర్లకు ఈ మాట రుచింపకపోవచ్చును.

గుజరాతులో 1946లో ఏర్పడిన ఖేడా జిల్లా పాల సంఘము, ప్రభుత్వ క్రీమరీలో ఉద్యోగమునకై 1949లో ఆనందుకు వచ్చిన వర్గీసు కురియన్‌ను మేనేజరుగా తీసుకొన్నది. అధ్యక్షుడు త్రిభువన్‌దాసు పటేలు రైతులను కూడగట్టెను. డెయిరీ నడపు పనిని కురియన్‌కు విడిచిపెట్టెను. రోజువారీ పనిలో డైరెక్టర్లు వేలు పెట్టుచుండినచో అంతటివాడు అక్కడ నిలిచెడివాడు కాడేమో.

మన ప్రాంతమున ఆలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో స్థాపించిన ముల్కనూరు సహకార సంఘమున అప్పు, ఎరువులు, పంట కొనుగోలు ఒకేచోట జరుగును. ఇట్టి ఏర్పాటులో ఎరువు అమ్మిన గుమాస్తాయే కోతలనాడు మరల రైతుకు ఎదురుపడును. తూకములో మోసము చేసి తప్పించుకొనుట అతనికి సులభము కాదు.

గ్రామాధికారులు ఇట్టి కంపెనీల సర్వసభ్య సమావేశములకు వెళ్లినపుడు జమాఖర్చులతోబాటు పనివారి పట్టికను కూడ చదివించవలెను. ఎవరు ఎన్నాళ్ల నుండి ఉన్నారు, ఏ పనికి ఎంత ముట్టుచున్నది, హమాలీల బాకీ ఎంత నిలిచినది అను సంగతులు అందులో ఉండవలెను. ఆ యేడు వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లిరో కూడ అడుగుట మంచిది.