ఆత్రేయపురం పూతరేకు: ధర పుట్టేది కుండ దగ్గర

రాజమండ్రి: ధవళేశ్వరం బ్యారేజి దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టు వెంట రావులపాలెం వైపు వెళ్ళేవారికి ఆత్రేయపురంలో రోడ్డు పక్కన పూతరేకుల దుకాణాలు కనిపిస్తాయి. పెట్టె కొని వెంటనే బండి ఎక్కేవారే ఎక్కువ. అయితే ఈ సరుకు ధర ఎట్లా ఏర్పడుతున్నదో తెలియాలంటే దుకాణం వెనుక వీధిలోకి వెళ్ళి చూడాలి.

పూతరేకులో చేరే దినుసులు బియ్యం, నెయ్యి, బెల్లం లేక పంచదార. జీడిపప్పు, బాదం వంటివి కొనేవారి తాహతును బట్టి చేరుతాయి. నెయ్యి, బెల్లం ధరలు పెరిగితే మిఠాయి ధర పెరగడం సహజం. కాని ఇవన్నీ ఏ ఊరి బజారులోనైనా దొరికే సరుకులే. ఆత్రేయపురానిదే అయిన సరుకు రేకు ఒక్కటే.

బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పిండిని పలుచగా కలుపుతారు. అడుగు పైకి ఉండేటట్లు అమర్చిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పలుచని గుడ్డను పిండిలో ముంచి కాలిన కుండపై ఒక్కసారి పరచి లాగితే, క్షణంలో కాగితం వంటి రేకు లేస్తుంది. మంట హెచ్చితే రేకు మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. ఈ పని చేసేది ఎక్కువగా స్త్రీలే. రోజంతా సెగ ముందు కూర్చోవలసిన పని ఇది.

ఈ రేకుకు జయ రకం బియ్యం పేరుపడినది. 1968లో విడుదలైన ఆ రకం సాగు, కొత్త వంగడాల రాకతో డెల్టాలో బాగా తగ్గినది. బియ్యం మారితే పిండి పాకమూ మారుతుంది. దానిని సరిచూసుకునేది కూడా ఆ చేతులే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. చట్టప్రకారం ఈ నమోదు పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పొడిగించుకోవచ్చు. ఇతర ప్రాంతాల్లో తయారైన సరుకును ఈ పేరుతో అమ్మకుండా అడ్డుకునే హక్కు దీనివల్ల కలిగినది.

ఇటలీలో కొండమీది మోంటాల్చినో ఊరి అనుభవం ఇక్కడ గమనించదగినది. అక్కడి బ్రునెల్లో వైన్‌కు 1980లో ఆ దేశపు అత్యున్నత శ్రేణి గుర్తింపు వచ్చినది. ద్రాక్ష ఏ రకమై ఉండాలి, ఎక్కడ పండాలి, ఎన్నేళ్ళు నిలవ ఉంచాలి అన్నవన్నీ నిబంధనల్లోనే ఉన్నవి. అంటే రక్షణ తోటలోనే మొదలై సీసా దాకా సాగుతుంది.

ఆత్రేయపురంలోనూ పేరుకు వచ్చే అదనపు ధరలో కొంత భాగం కుండ దాకా చేరవలసి ఉన్నది. నెయ్యి, బెల్లం కొరత వస్తే పై ఊళ్ళనుంచి తెప్పించుకోవచ్చు. రేకు తీసే చేతికి గిట్టుబాటు లేక తరువాతి తరం ఈ పని మానుకుంటే, దానిని తెప్పించుకునే బజారు మరొకటి లేదు. అప్పుడు గుర్తింపు పత్రం మిగులుతుంది గాని సరుకు మిగలదు.