150 గంటల గడప: అమెరికా అకౌంటింగ్ పట్టాలో మారుతున్న లెక్క

అకౌంటింగ్ ప్రధాన విషయంగా తీసుకున్న అమెరికా విద్యార్థి పట్టా కోసం ఏం చదవాలి, ఎంత చదవాలి అన్న ప్రశ్నకు దాదాపు నలభై ఏళ్లుగా విశ్వవిద్యాలయాల ఆచార్యులకన్నా రాష్ట్రాల లైసెన్సు చట్టాలే ఎక్కువగా జవాబు చెబుతూ వచ్చాయి. ఆ దేశంలో కంపెనీల ఆర్థిక నివేదికలను ఆడిట్ చేసి వాటిపై అభిప్రాయం ఇచ్చే వృత్తికి సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్, అంటే సీపీఏ, లైసెన్సు కావాలి. దాన్ని ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఒక్కో రాష్ట్రంలో ఉండే అకౌంటెన్సీ బోర్డు. 1896లో న్యూయార్క్ రాష్ట్రం తొలి సీపీఏ చట్టం చేసిన తరువాత క్రమంగా ఈ లైసెన్సుకు చదువు, పరీక్ష, అనుభవం అనే మూడు షరతులు స్థిరపడ్డాయి. వీటిలో చదువుకు సంబంధించిన షరతు 2025లో పెద్ద మలుపు తిరిగింది, దాంతో బిజినెస్ కళాశాలలు నాలుగేళ్ల పట్టాను మళ్లీ మొదటి నుంచి ఆలోచించవలసి వస్తోంది.

ఈ మార్పు అర్థం కావాలంటే ముందు అక్కడి క్రెడిట్ గంటల పద్ధతి తెలియాలి. సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట తరగతి జరిగితే అది ఒక క్రెడిట్ గంట. సాధారణంగా ఒక కోర్సు మూడు గంటల విలువ చేస్తుంది, నాలుగేళ్ల బ్యాచిలర్ పట్టాకు సుమారు 120 గంటలు, అంటే నలభై కోర్సులు పూర్తి చేయాలి. వీటిలో గణనీయమైన భాగం భాష, గణితం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం వంటి సాధారణ విద్యకు పోతుంది. ఆపైన ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం, ఫైనాన్స్, మార్కెటింగ్, వాణిజ్య చట్టం వంటివి బిజినెస్ విద్యార్థులందరికీ ఉమ్మడిగా ఉంటాయి. మిగిలిన ఎనిమిది, పది కోర్సుల్లోనే అసలు అకౌంటింగ్ అంతా సర్దుకోవాలి. చిట్టా, ఆవర్జా, అంకణాలతో మొదలయ్యే ప్రాథమిక పాఠాల నుంచి సంక్లిష్టమైన ఆర్థిక నివేదికలు, వ్యయ గణన, పన్నులు, ఆడిటింగ్, సమాచార వ్యవస్థల దాకా ఆ కొద్ది చోటులోనే బోధించాలి.

చోటు చాలడం లేదన్న మాట నిజమే, అందుకే మరో ముప్పై గంటలు కలిపి 150 చేయాలన్న వాదన పుట్టింది. వ్యాపార వ్యవహారాలు జటిలమయ్యాయని, పన్ను చట్టాలు, అకౌంటింగ్ ప్రమాణాలు ఏటేటా పెరుగుతున్నాయని, న్యాయవాదికీ వైద్యుడికీ ఉన్నట్టు అకౌంటెంటుకు కూడా పట్టా పైన చదువు ఉంటే వృత్తికి గౌరవం దక్కుతుందని దాన్ని సమర్థించినవారు భావించారు. ఫ్లోరిడాలో ఈ నిబంధన 1983లో అమల్లోకి వచ్చింది. 1988లో అమెరికా సీపీఏల జాతీయ సంఘం సభ్యులు 2000 తరువాత చేరే కొత్త సభ్యులకు 150 గంటలు తప్పనిసరి చేయాలని ఓటు వేశారు. తరువాతి సుమారు పాతికేళ్లలో ఒక్కొక్కటిగా రాష్ట్రాలన్నీ అదే బాట పట్టాయి.

అయితే ఆ నిబంధనలో మొదటి నుంచీ ఒక లోపం ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. చాలా రాష్ట్రాల చట్టాలు అకౌంటింగులోను, బిజినెస్‌లోను కనీసం ఇన్ని గంటలు ఉండాలని చెప్పాయి గాని, అదనంగా చేర్చిన ముప్పై గంటల్లో ఏం నేర్చుకోవాలో మాత్రం పెద్దగా చెప్పలేదు. ఫలితంగా స్తోమత ఉన్న విద్యార్థి ఆ ముప్పై గంటలతో అకౌంటింగులో మాస్టర్స్ పట్టా పొందాడు, లేని విద్యార్థి దగ్గరలోని కమ్యూనిటీ కళాశాలలో తక్కువ ఫీజుకు దొరికే ఏవో కోర్సులతో లెక్క పూర్తి చేశాడు, ఇద్దరికీ బోర్డు ఒకే విలువ ఇచ్చింది. కూర్చున్న గంటలను కొలిచి నేర్చిన విద్యను కొలిచామనుకోవడం విద్యా విధానంలో చేయగల పొరపాట్లలో చాలా ఖరీదైనది, ఎందుకంటే ఆ ఖర్చును భరించేది విధానం రాసినవారు కాదు, ఒక ఏడాది ఫీజుతో పాటు ఒక ఏడాది జీతాన్ని కూడా వదులుకునే విద్యార్థి.

ఈ విషయంపై జరిగిన పరిశోధన కూడా ఇదే దిశను చూపింది. నిబంధన వచ్చిన రాష్ట్రాల్లో పరీక్షకు తొలిసారి కూర్చునేవారి సంఖ్య తగ్గిందని, వృత్తిలోకి వచ్చినవారి నాణ్యత మాత్రం చెప్పుకోదగినంతగా పెరగలేదని ఆర్థికశాస్త్ర అధ్యయనాలు తేల్చాయి. నల్లజాతి, హిస్పానిక్ వంటి అల్పసంఖ్యాక వర్గాల నుంచి వచ్చేవారిలో తగ్గుదల మరింత ఎక్కువగా ఉందని, అది దాదాపు నాలుగో వంతు ఉంటుందని ఎంఐటీ పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం ఒకటి చూపింది. ఇంతలో సాఫ్ట్‌వేరు, ఫైనాన్స్ రంగాలు నాలుగేళ్ల పట్టాకే మెరుగైన జీతాలు ఇవ్వసాగాయి, వృత్తిలో ఉన్న సీపీఏల్లో పెద్ద భాగం పదవీ విరమణ వయసుకు దగ్గరపడింది, కొత్తగా వచ్చేవారు తగ్గిపోయారు. ఆడిట్ సంస్థలకు మనుషులు దొరకని పరిస్థితి వచ్చాక గాని నిబంధనను కదిలించాలన్న ఆలోచన బలపడలేదు.

ఇంత స్పష్టంగా కనిపిస్తున్న లోపాన్ని రాష్ట్రాలు వెంటనే ఎందుకు సరిదిద్దుకోలేదన్న ప్రశ్న సహజమే. దానికి కారణం చట్టంలోని మరో ఏర్పాటు. ఒక రాష్ట్రపు సీపీఏ ఇంకో రాష్ట్రంలో మళ్లీ లైసెన్సు తీసుకోకుండానే పనిచేయాలంటే రెండు రాష్ట్రాల అర్హతలు గణనీయంగా సమానంగా ఉండవలసి వచ్చేది, ఆ సమానతకు 150 గంటలే కొలబద్దగా ఉండేది. ఏ రాష్ట్రమైనా ఒంటరిగా 120కి దిగితే ఆ రాష్ట్రపు కొత్త అకౌంటెంట్లు సరిహద్దు దాటి పనిచేసే హక్కును కోల్పోయేవారు. అందరూ ఒకరికోసం ఒకరు ఆగడంతో ఎవరూ కదలలేదు.

2025 జనవరిలో ఒహాయో ఆ ముడిని విప్పింది. బ్యాచిలర్ పట్టా, రెండేళ్ల అనుభవం, సీపీఏ పరీక్షలో ఉత్తీర్ణత ఉంటే లైసెన్సు ఇచ్చే కొత్త మార్గాన్ని చట్టం చేసి 2026 జనవరి 1 నుంచి అమలుకు నిర్ణయించింది, మాస్టర్స్ పట్టాతో ఒక ఏడాది అనుభవం అనే మార్గాన్ని కూడా ఉంచింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే సీపీఏల విషయంలో రాష్ట్రాల నిబంధనలను పోల్చే బదులు, వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉందా, అతడు పట్టభద్రుడా, పరీక్ష నెగ్గాడా అని చూసే పద్ధతివైపు మళ్లింది. అదే ఏడాది వర్జీనియా, యూటా, టెక్సస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టాలు చేశాయి, వృత్తి సంఘం, రాష్ట్ర బోర్డుల జాతీయ సంఘం కలిసి తమ నమూనా చట్టంలో ఈ మార్గానికి చోటు కల్పించాయి.

అదనపు ఏడాది ఐచ్ఛికం కావడంతో భారమంతా ఇప్పుడు నాలుగేళ్ల పట్టా మీద పడింది, సంస్కరణలో అసలు కష్టమైన భాగం ఇదే. 2024 జనవరి నుంచి సీపీఏ పరీక్ష కూడా మారింది: ఆర్థిక నివేదికలు, ఆడిటింగ్, పన్నులు-నియంత్రణ అనే మూడు ప్రధాన పత్రాలు అందరికీ ఉంటాయి, వ్యాపార విశ్లేషణ, సమాచార వ్యవస్థల నియంత్రణ, పన్ను ప్రణాళిక అనే మూడింటిలో ఒకదాన్ని అభ్యర్థి ఎంచుకోవాలి. పరీక్ష ఇలా శాఖలుగా విడిపోయినప్పుడు పట్టా పాఠ్యప్రణాళిక కూడా విడిపోవాలా, లేక అందరికీ ఒకే పునాది వేసి ప్రత్యేకతను ఉద్యోగానికి వదిలేయాలా అన్నది ప్రతి అకౌంటింగ్ విభాగం తేల్చుకోవలసిన ప్రశ్న. డేటా విశ్లేషణ కోర్సు చేర్చాలంటే ఏదో ఒకటి తీసేయాలి, తీసేయగల కోర్సును సమర్థించే ఆచార్యులు ఒకరు తప్పక ఉంటారు. లెక్కల పొందిక చూడడం, చిట్టా పద్దులు నమోదు చేయడం వంటి పనులు సాఫ్ట్‌వేరు చేతికి వెళ్లిపోతున్న కాలంలో వాటికి వెచ్చించే తరగతి గంటలను కొంత తగ్గించడం సబబే. కాని పద్దు ఎందుకు అలా రాయాలో తెలియని విద్యార్థి యంత్రం రాసిన తప్పు పద్దును పట్టుకోలేడు కాబట్టి, ఆ పునాదిని పూర్తిగా కుదించడం మాత్రం ప్రమాదకరం. వృత్తి నైతికతకు కూడా ఇదే వర్తిస్తుంది: లెక్కల మోసం బయటపడి 2001లో ఎన్రాన్ కంపెనీ కూలిపోయి, ఆపై దాని ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ మూతపడిన తరువాత ఆడిటరు స్వతంత్రతను కేవలం ఒక అధ్యాయంగా చెప్పి ముగించే అవకాశం లేకుండా పోయింది.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ మార్పులు ఆచరణలో నెమ్మదిగా సాగడానికి మంచి కారణమే ఉంది. ఒక కోర్సు ముందు పూర్తిచేయవలసిన కోర్సుల గొలుసుతో ముడిపడి ఉంటుంది. ఆడిటింగ్ చదవాలంటే ముందు మధ్యస్థాయి అకౌంటింగ్ పూర్తి కావాలి, దాన్ని రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి జరిపితే కిందివన్నీ కదులుతాయి. ప్రతిపాదన విభాగంలో, కళాశాల పాఠ్యప్రణాళిక సంఘంలో, అధ్యాపకుల సెనేట్‌లో ఆమోదం పొందాలి, ప్రమాణాల గుర్తింపు ఇచ్చే సంస్థకు విద్యార్థులు నిజంగా ఏం నేర్చుకున్నారో చూపాలి. ఇప్పటికే చేరిన విద్యార్థి సాధారణంగా తాను చేరిన ఏటి నియమావళి ప్రకారమే పట్టా తీసుకుంటాడు కాబట్టి, కొన్నేళ్లు పాత, కొత్త షరతులు పక్కపక్కనే నడుస్తాయి.

ఈ పరిణామం తెలుగు రాష్ట్రాలకు దూరమైనది కాదు. హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సంస్థల కార్యాలయాల్లో వేలాదిమంది బీకాం, ఎంకాం పట్టభద్రులు అమెరికా కంపెనీల ఆడిట్, పన్ను పనులు చేస్తున్నారు, వారిలో చాలామంది సీపీఏ పరీక్ష రాస్తున్నారు. మన చార్టర్డ్ అకౌంటెంట్ల విధానం మొదటి నుంచీ వేరు: ఇంటర్మీడియట్ తరువాత నేరుగా ఫౌండేషన్ పరీక్షతో ప్రవేశించవచ్చు, అనుభవానికి ఆర్టికల్‌షిప్ ఉంటుంది, 2023 నుంచి దాని కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పని చేస్తూ నేర్చుకోవడానికి ఎక్కువ బరువు ఇచ్చే ఆ పద్ధతి వైపే ఇప్పుడు అమెరికా కొంత జరుగుతోంది.

అయితే మూడేళ్ల బీకాం దగ్గర చిక్కు ఇంకా ఉంది. విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ 2022 చివరలో ప్రకటించిన చట్రం మూడేళ్ల పట్టాకు 120, నాలుగేళ్ల ఆనర్స్ పట్టాకు 160 క్రెడిట్లు నిర్ణయించింది, ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి ఒకే మేజర్ విధానంలో నాలుగేళ్ల దారిని కూడా తెరిచింది. కాని మన 120 క్రెడిట్లను అమెరికా మూల్యాంకన సంస్థలు అక్కడి 120 గంటలతో సమానంగా లెక్కించవు, సాధారణంగా ఒక విద్యా సంవత్సరానికి ముప్పై గంటలుగానే చూస్తాయి. అందువల్ల కొత్త మార్గంలో కావలసిన బ్యాచిలర్ పట్టాకు మూడేళ్ల బీకాం ఒంటరిగా సరిపోతుందా, ఎంకాం లేదా సీఏ తోడు కావాలా, లేక నాలుగో ఏడాది చదివితే చాలా అన్నది ఏ రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు చేస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది, ఆ బోర్డు నియమాలను డిగ్రీ రెండో ఏడాదిలోనే చూసుకున్న విద్యార్థికి కోర్సులు ఎంచుకునే వ్యవధి మిగిలి ఉంటుంది.