ఒంటిరెబ్బ వెల్లుల్లి

వెల్లుల్లిపాయను అడ్డముగా కోసి పరికించినవానికి దాని వంశచరిత్రలో సగము బోధపడును. నడిమధ్య గట్టికాడ నిలిచి, దాని చుట్టును ఒకే వలయముగా లావుపాటి రెబ్బలు అమరియున్నచో అది చలిదేశములలో ప్రసిద్ధమైన గట్టికాడ రకము. నడుమ కాడ లేక, వెలుపల పెద్దవియు లోపల సన్ననివియు పొరలుపొరలుగా ఒదిగియున్నచో మెత్తకాడ రకము. పొట్టుపైని ఊదాచారలను మాత్రము నమ్మరాదు. నేలనుబట్టి, వాతావరణమునుబట్టి అవి ముదురుటయు వెలియుటయు కద్దు.

అంగడిలో అధికమూల్యము పలుకు ఒంటిరెబ్బ వెల్లుల్లిని ప్రత్యేకజాతిగా ఎంచుట పరిపాటి. కాని ఆ ఏకత్వము తరచుగా జాతిలక్షణము గాక, ఎదుగుదలలోని ఒకానొక అవస్థ. మధ్యాసియా పర్వతప్రాంతములలో పుట్టిన ఈ పంటకు రెబ్బలుగా విడివడుటకు తగినంత చలియు పుష్టియు కావలెను. చలి చాలకున్నను, నాటిన రెబ్బ మిక్కిలి చిన్నదైనను, మొక్క విడివడక గుండ్రని ఒకే గడ్డతో తన జీవితమును ముగించును. ఆ గడ్డనే మరుసటి శీతకాలమున నాటినచో, ఋతువు అనుకూలించినప్పుడు, రెబ్బలతో నిండిన పాయ దిగును. అంగడివాని మాటకంటె ఈ పెరటిపరీక్షయే నాకు ప్రమాణము.

ఏనుగు వెల్లుల్లి యని పేరొందిన మహాకాయము యథార్థమునకు వెల్లుల్లియే కాదు, లీక్ అను ఉల్లిజాతి మొక్కకు దాయాది. శాస్త్రనామము ఆలియం ఆంపెలోప్రాసం. ఘాటు స్వల్పము. తవ్వితీసినప్పుడు పాయ అడుగున గట్టిపెంకు చిట్టిగడ్డలు అంటుకొనియుండుట దీని నిశ్చితమైన గుర్తు.

కొడైకెనాల్ కొండవెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఘాటునకును నిలువకును పేరుగన్న ఆ పాయను మన మేడపై కుండీలో నాటి, పళని కొండల గుణము దక్కునని ఆశించుట న్యాయము కాదు. దీర్ఘమైన పగళ్ళను కోరు అగ్రిఫౌండ్ పార్వతి వంటి కొండరకములు మైదానములలో ఆకులు వేసియు గడ్డకట్టుటకు వెనుదీయును. తొలిసారి పెంచువారు యమునా సఫేద్‌తోనో, పుణె సమీపమున రాజగురునగర్ పరిశోధనాలయము వెలువరించిన భీమా పర్పుల్‌తోనో ఆరంభించుట మేలు.

అక్టోబరు, నవంబరు మాసములలో, పొట్టు ఊడకుండ విడదీసిన పెద్దరెబ్బలను మొన పైకి ఉండునట్లు, 2 అంగుళముల లోతున, 4 అంగుళముల ఎడముతో నాటవలెను. చలికోరు రకమైనచో, ముందుగా నెలనాళ్ళు ఫ్రిజ్ అడుగు అరలో ఉంచినయెడల కొరత కొంత తీరును. వెల్లుల్లికి నీరు నిలిచిన నేల మృత్యువుతో సమానము; గుల్లమట్టి, మాగిన పశువులఎరువు చాలును. పూకాడ చుట్టతిరిగి వెలువడినచో, లేతగా ఉండగనే త్రుంచి కూరకు వాడుకొనవచ్చును; గట్టికాడ రకమునకు అదియే స్పష్టమైన సాక్ష్యము. దిగువ ఆకులు పండుబారగనే తడులు మాని, గడ్డలను ఆకులతోకూడ పెకలించి, గాలియాడు నీడలో ఆరబెట్టవలెను.

వెల్లుల్లి విత్తు పట్టుట అత్యరుదు గనుక దాని వంశము రెబ్బనుండి రెబ్బకే నడచుచుండును. కావున వంటకు వాడుటకు మునుపే ఒక్కొక్క రకమునుండి మేలైన పాయలను ఏరి, పేరును, నాటిన తేదిని చీటిపై వ్రాసికట్టి, మరుసటి కార్తికమునకై వేఱుగా దాచవలెను.