గింజ పెరిగింది - పని ఏమైంది?

దేశం ముందుకు పోవాలంటే పరిశోధనలు జరగాలని పెద్దలంతా చెబుతుంటారు. నిజమే, మనమూ కాదనం. కాని అది ఎవరి డబ్బుతో, ఎవరి కోసం జరుగుతోందన్నది మనం అడగవలసిన ప్రశ్న.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోని ప్రభుత్వ పరిశోధనా కేంద్రం 1982లో స్వర్ణ వరి వంగడాన్ని విడుదల చేసింది. రైతులు దాన్ని 7029 అంటారు. ప్రజల పన్నులతో పుట్టిన విత్తనం అది. పండిన గింజనే మళ్ళీ విత్తనానికి దాచుకోవచ్చు. తక్కువ ఎరువుతో పండే రకం కాబట్టి ఒడిశా, బెంగాలు దాకా పాకిపోయింది. దిగుబడి పెరిగితే కోత, మోత, నూర్పిడి పెరిగాయి. మనకూ నాలుగు రోజుల పని దొరికింది.

పత్తి సంగతి చూడండి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ పరిశోధన కంపెనీది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయల పైనే అమ్మారు. ఏటా కొనాల్సిందే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం పోట్లాడితే గాని అది 750కి దిగలేదు. మరి ఆ పాత ధరలో పరిశోధన ఖర్చెంత, లాభమెంత?

2020-21లో మన దేశం నూరు రూపాయల ఉత్పత్తిలో పరిశోధనకు పెట్టింది 64 పైసలే. చైనా రెండు రూపాయల పైనే పెట్టింది. ప్రభుత్వం చెయ్యి ముడుచుకుంటే ఆ జాగాలోకి కంపెనీయే వస్తుంది.

అయితే పరిశోధన ఒక్కటే పని పుట్టించదు. వరికోత మిషనూ పరిశోధన ఫలమే, గడ్డిమందూ అంతే. పదిమందిమి పొద్దంతా నడుం వంచి కోసే ఎకరాన్ని మిషను గంటా రెండు గంటల్లో కోసేస్తుంది. మిషను మీద మనకు కోపం లేదు. నడుం నొప్పి ఏంటో మనకు తెలుసు. మిగిలిన కూలి ఎవరి జేబులోకి పోయిందన్నదే మన బాధ. కౌలు రైతుకు మిగిలిందా అంటే అదీ లేదు. కౌలు రూపంలో భూస్వామికి, అద్దె రూపంలో మిషనున్నవాడికి పోయింది.

పని పోయిన కూలోళ్ళు పచారీ కొట్టుకు పోవడం తగ్గిస్తారు. కొట్టువాడు సరుకు తగ్గిస్తాడు. ఆ దెబ్బ పట్నంలో బట్టల మిల్లు దాకా పోతుంది. అక్కడా కార్మికుల్ని ఇంటికి పంపుతారు. గిరాకీ పడిపోవడమంటే ఇదే. 2002 జూలైలో ప్రభుత్వ గోదాముల్లో 6 కోట్ల టన్నులకు మించి తిండిగింజలు మూలుగుతున్నాయి. అదే ఏడు కరువు. గింజలు లేక కాదు, కొనే శక్తి లేక పేదలు పస్తులున్నారు.

2005 చట్టంతో వచ్చిన ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కూలీలకు ఇంత డబ్బు పోస్తే ఖజానా ఏం కావాలన్నారు కొందరు పెద్దలు. ఆ డబ్బు ఎక్కడికి పోయింది? ఊరి కొట్లోకే, పిల్లల బట్టలకే, మందులకే పోయింది. పొలం దగ్గర రేటు అడిగే ధైర్యమూ మన ఆడకూలీలకు వచ్చింది.

పరిశోధన ఒక ఎద్దయితే గిరాకీ రెండో ఎద్దు. ఒంటెద్దుతో బండి సాగదు. కాబట్టి ప్రభుత్వ పరిశోధనకు నిధులు పెంచమందాం. మెట్ట పంటల మీద, చిన్న కమతాల మీద, ఆడకూలీల చేతికందే పనిముట్ల మీద ఆ డబ్బు పెట్టమందాం. దాంతోపాటే పనికి హామీ, కూలికి రేటు కూడా అడుగుదాం. ఈ మాట ప్రతి ఊళ్ళో సంఘ సమావేశంలో చర్చకు రావాలి.