ఊట, తోడు, వరుగు: నగర గృహాల్లో ఆహార నిల్వ – దశావాచక పదాల పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు ఇళ్ళలో ఊరబెట్టి, పులియబెట్టి, ఎండబెట్టి తయారుచేసుకునే ఆహారపానీయాలకు సంబంధించిన పదాల్లో కొన్ని పదార్థాన్ని గాక, అది చేరుకున్న దశను చెప్తాయి. నగరంలో ఈ పనులను కొత్తగా నేర్చుకుంటున్నవారికి కొలతలు అందుతున్నంతగా ఈ దశలను గుర్తించే మాటలు అందడం లేదు. ఆ మాటల స్వభావాన్ని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఊరగాయ, ఊట, తోడు, తరవాణి, వరుగు, మిద్దెతోట, వృత్తిపదకోశం.

1. ప్రస్తావన

ఇంటి పైకప్పు మీద ఆకుకూరలు పెంచుకోవడం, పచ్చళ్ళు, వడియాలు ఇంట్లోనే పెట్టుకోవడం తెలుగు నగరాల్లో మళ్ళీ ఆసక్తికరమైన విషయాలయ్యాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలోని తమ ఇంటిపై కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు. ‘మిద్దెతోట’ అన్న మాట వాడుకలో స్థిరపడడానికి ఆయన కృషి ఒక ముఖ్య కారణం. తోట పెరిగిన ఇంట్లో రెండో ప్రశ్న వెంటనే వస్తుంది. ఒకే వారంలో పండిన టమాటాలను, ఏపుగా ఎదిగిన గోంగూరను ఏం చేయాలి? నిల్వ విద్య అవసరం అక్కడ మొదలవుతుంది.

ఉద్యోగరీత్యా నగరానికి వచ్చిన తొలి వేసవిలో, అద్దె ఇంట్లో నేనూ ఆవకాయ పెట్టాను. కొలతలు అమ్మ చెప్పినవే. వాటిని గ్రాముల్లోకి మార్చి కాగితం మీద రాసుకున్నాను. మూడో రోజు అమ్మ ఫోనులో “ఊట తేలిందా నాన్నా?” అని అడిగింది. “మూడు రోజులయిందమ్మా” అన్నాను. పదిహేను రోజులకు పైముక్కల మీద తెల్లటి బూజు కనిపించింది. అమ్మ అడిగింది దశ గురించి, నేను చెప్పింది కాలం గురించి. ఈ వ్యాసానికి మూలం ఆ పొరపాటే.

2. ఊరడం, నానడం

బావిలో నీరు ఊరుతుంది. నోరు ఊరుతుంది. ఉప్పులో వేసిన కాయ ఊరుతుంది. ఈ మూడు ప్రయోగాల్లోనూ ద్రవం లోపలి నుంచి బయటికి వస్తుంది. పప్పు మాత్రం నానుతుంది; అక్కడ బయటి నీరు లోపలికి పోతుంది. ఉప్పు తగిలిన మామిడిముక్క కణాల నుంచి నీరు వెలికి రావడాన్ని శాస్త్రం ద్రవాభిసరణం అంటుంది. ఆ దిశాభేదాన్ని తెలుగు రెండు క్రియలతో చూపుతుంది. ఈ భేదం అన్ని ప్రాంతాల్లోనూ ఒకే తీరుగా లేదు. రాయలసీమలో బియ్యాన్నీ చింతపండునూ కూడా ‘ఊరబెట్టడం’ ఉంది. కాబట్టి దీనిని భాషాసూత్రంగా గాక, నిల్వ పచ్చళ్ళ సందర్భంలో నిలిచిన అర్థవిశేషంగా గ్రహించడం సమంజసం.

ఊట అంటే కేవలం తడి కాదు. మామిడి పులుపునూ ఉప్పునూ కలుపుకొని వచ్చిన ద్రవం అది. ఆవపిండి పొడిగా ఉన్నంతసేపు దాని ఘాటు బయటపడదు. తడి తగిలాకే ఆలైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటైన పదార్థం ఏర్పడుతుంది. సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకునే గుణం దీనికి ఉంది. అంటే ఊట వచ్చాకే ఆవ తన పని మొదలుపెడుతుంది. మూడో రోజు తిరగకలపడంలోని ఉద్దేశం ఆ ఊటను ప్రతి ముక్కకూ పట్టించడం. ఆపైన తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది. నా జాడీలో పైముక్కలు ఊటకూ నూనెకూ పైన మిగిలిపోయాయి. ‘మూడో రోజు’ అన్నది గుర్తు మాత్రమే. కాయ ముదురుదనాన్ని బట్టి, ఉప్పును బట్టి ఊట ముందూ వెనుకా అవుతుంది.

ఈ పదాల ప్రాచీనతకు ‘ఆముక్తమాల్యద’ మంచి ఆధారం. ప్రథమాశ్వాసంలో శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టిన భోజనాలను శ్రీకృష్ణదేవరాయలు వర్ణించాడు. జడివాన రోజుల పంక్తిలో వరుగులు, వడియాలు, పెరుగు ఉన్నాయి. ఎండాకాలపు పంక్తిలో ఊరుగాయలు, నీరుచల్ల ఉన్నాయి. చలికాలంలో మిరియపు పొడి, ముక్కుకు ఘాటెక్కే పచ్చళ్ళు వస్తాయి. ఆ ఘాటు ఆవదని ఊహించడానికి వీలుంది. మిరపకాయ ప్రసక్తి లేదు. పోర్చుగీసువారి ద్వారా అది ఈ దేశానికి వచ్చి, వంటింట్లో స్థిరపడింది తర్వాతనే. కాబట్టి ‘అనాదిగా వస్తున్న ఎర్రని ఆవకాయ’ వంటి మాటలు పరిశోధన వ్యాసాల్లో కనిపించినప్పుడు కొంచెం ఆగి చూడాలి. ఎరుపు కొత్తది, ఊరడం పాతది.

3. గిద్ద నుంచి గ్రాముకు

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇవి ఘనపరిమాణపు కొలతలు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి దేశమంతటా అమలులోకి వచ్చింది. మార్పు అవసరమైనదే. కాని ఇంటి పాఠంలో ‘కారం, ఆవపిండి సమానం, ఉప్పు కాస్త తక్కువ’ అన్నది సోలల లెక్క. దాన్ని అలాగే తూకానికి మారిస్తే పాళ్ళు మారిపోతాయి. ఉప్పు విషయంలో చిక్కు మరింత ఎక్కువ. రాళ్ళ ఉప్పులో పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది. అదే సోల నిండా మెత్తని ఉప్పు పోస్తే బరువు పెరుగుతుంది. పెద్దవాళ్ళు రాళ్ళ ఉప్పును ఎండబెట్టి, దంచి వాడేవారు. ఎంత మెత్తగా దంచాలో చేతికి తెలుసు. వంటల పుస్తకంలో ‘ఉప్పు – తగినంత’ అని కనిపించినప్పుడు కొత్తవారికి చిరాకు కలగడం సహజం. అయితే ఆ ‘తగినంత’ వెనుక ఊటను నాలుకకు తగిలించి చూసే పరీక్ష ఒకటి ఉంది. పుస్తకం దాన్ని చెప్పకుండా వదిలేసింది.

4. గంజి లేని ఇంట్లో తరవాణి

పాలు తోడుకోవడం అందరికీ తెలిసినదే. గోరువెచ్చని పాలలో వేసే కొద్దిపాటి పెరుగును లేదా మజ్జిగను తోడు అంటారు. చేమిరి అన్న మాటా ఉంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని బాక్టీరియా చనిపోతాయి, చల్లగా ఉంటే పని మందగిస్తుంది. ‘గోరువెచ్చ’ అన్నది వేలితో చూసే ఉష్ణమాపకం. ఈ పదం నిలిచింది, ఎందుకంటే పని నిలిచింది.

తరవాణి సంగతి వేరు. గంజి, కడుగునీళ్ళు, కొంత అన్నం కుండలో ఉంచి పులియబెట్టిన పుల్లని నీరు అది. పైతేట వాడుకొని, మళ్ళీ కొత్త గంజి పోస్తూ వచ్చేవారు. పాతనీరే కొత్త గంజికి తోడు. చద్దన్నంలో పోసుకోవడానికీ, వేసవిలో తాగడానికీ ఆ కుండ ఆధారం. ఇది ఎందుకు పోయిందని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ‘నాగరికత మారింది, కాఫీ వచ్చింది’ అని. నా దృష్టిలో అంతకంటె దగ్గరి కారణం ఒకటి ఉంది. ప్రెషర్ కుక్కర్‌లో అన్నానికి సరిపడా నీళ్ళే పోస్తాం, వార్చడం లేదు. వార్చడం పోయిన ఇంట్లో గంజి లేదు, గంజి లేని ఇంట్లో తరవాణి కుండకు రోజువారీ మేత లేదు. రుచి మారకముందే ముడిపదార్థం మాయమైంది. ఇప్పుడు తరవాణి చేయదలచినవారు ముందుగా అన్నం వార్చడం నేర్చుకోవాలి. ‘వార్చు’, ‘గంజి’, ‘కలి’, ‘తేట’ అన్న మాటలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. ఒకటి జారితే తక్కినవీ జారుతాయి.

5. వరుగు, తునక, మడి

వరుగు అంటే ఎండబెట్టిన కూరగాయ ముక్క. తెలంగాణలో ఒరుగు అంటారు. ఎండిందా లేదా అన్న ప్రశ్నకు వాడుకలో రకరకాల జవాబులున్నాయి: పైన ఒరిసింది, లోపల పచ్చిగా ఉంది, వంచితే వంగుతోంది, గలగలలాడుతోంది. చివరి మాట చెవితో చేసే పరీక్ష. అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి మిద్దెకు తాళం పడ్డాక, బాల్కనీలో దొరికే రెండు గంటల ఎండలో వడియం పైన ఒరుస్తుంది గాని గలగలలాడదు. అదే డబ్బాకెక్కి బూజు పడుతుంది.

ఈ విద్యను ఆవకాయ, వడియాలకే కుదించి స్మరించుకోవడంలో ఒక లోపం ఉంది. ఉప్పు పట్టించి ఎండేసిన చేపలు, దండెం మీద ఆరేసిన మాంసపు తునకలు కూడా ఇదే జ్ఞానం. ఎండ, గాలి, ఉప్పు, ఈగలు, తేమ – వీటిపై అక్కడ ఉన్న పదసంపద తక్కువేమీ కాదు. అలాగే జాడీకి వాసెన కట్టి, మడితో తప్ప ముట్టరాదన్న ఆచారాన్ని శుభ్రతగా మాత్రమే వ్యాఖ్యానించడం చూస్తున్నాం. తడిచేయి తగలకూడదన్నది నిల్వ నియమం. ఎవరి చేయి తగలకూడదన్నది వేరే నియమం. బహిష్టు రోజుల్లో స్త్రీలను, నిత్యం కొన్ని కులాలవారిని దూరంగా ఉంచినది రెండోది. నగరంలో మొదటిదాన్ని నేర్చుకునేటప్పుడు రెండోది దాని చాటున తిరిగి రాకుండా చూసుకోవలసిన బాధ్యత వివరించేవారి మీద ఉంది.

6. పదసేకరణ పద్ధతి గురించి

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాలను 1962లో, చేనేత పదాలను 1971లో వెలువరించింది. పరికరం, పని, దశ – మూడింటికీ మాటలు సేకరించాలన్న దృష్టి మనకు అక్కడి నుంచి అందింది. వంటిల్లు ‘వృత్తి’ అన్న మాటలో సులువుగా ఇమడదు. అక్కడి పనికి కూలి లేదు. అందుకే కావచ్చు, వంటల పేర్లను సేకరించిన మన సిద్ధాంత వ్యాసాలు కూడా దశల పేర్ల దగ్గర ఆగిపోతాయి.

క్షేత్రపర్యటనలో ‘ఆవకాయ ఎలా పెడతారు?’ అని అడిగితే కొలతలే వస్తాయి. నా అనుభవంలో, పాడైన పచ్చడి గురించి అడిగినప్పుడే మాటలు బయటికి వస్తాయి. ‘పోయిందని ఎలా తెలిసింది?’, ‘మొదట ఏది మారింది, రంగా, వాసనా, ఊటా?’ అన్న ప్రశ్నలకు ముసిరింది, చెమ్మగిల్లింది, ముక్క మెత్తబడింది, ఊట విరిగింది వంటి జవాబులు దొరికాయి. వీటిలో ‘ఊట విరగడం’ ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థంలో వాడారు: కొందరికి అది నూనె వేరై తేలిపోవడం, మరికొందరికి జిగురు రావడం. రెండూ ఒకటి కావు. మొదటిది కలిపితే సర్దుకుంటుంది, రెండోదాన్ని పారబోయాలి. జాడీ ఎదురుగా పెట్టుకొని అడిగినచోట ఈ తేడా వెంటనే తేలింది. ఫోనులో అడిగినచోట తేలలేదు.