లక్కబొమ్మలకు చిన్న లేతు: కొనేముందు ఇరుసు చూడాలి

ఏటికొప్పాక: వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకప్పుడు తాడు లాగి తిప్పిన లేతుకు తర్వాత కరెంటు మోటారు వచ్చింది. పని కొత్తగా పట్టిన కుర్రవాళ్లు చిన్న మిషను కొనేటప్పుడు ముందు అడిగేది ధర. చూడవలసింది మాత్రం ఇరుసు.

తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుతుంది. ఇరుసు ఊగితే ఒకపక్క మందంగా, మరోపక్క పలచగా పడుతుంది. మొగలాకుతో ఎంత రుద్దినా ఆ తేడా పోదు. లక్క గీకేసి మళ్లీ మొదలుపెట్టవలసిందే.

కొట్లోనే పరీక్షించవచ్చు. ప్లగ్గు తీసి, చక్కులో నున్నని, వంకరలేని ఇనుప కడ్డీ బిగించాలి. సుద్దముక్కను కదలకుండా దగ్గరగా పట్టి, ఇరుసును చేత్తో మెల్లగా తిప్పాలి. గీత చుట్టూరా పడితే సరే, ఒకపక్కనే పడితే ఆ మిషను వద్దు. తర్వాత కర్ర పెట్టి ఉలి ఆనించి చూడాలి. పెట్టెమీద అచ్చేసే చుట్ల లెక్క సాధారణంగా ఉత్తగా తిరిగినప్పటిది. ఉలి ఆనగానే డీలాపడే మోటారు ఈ పనికి రాదు.

బేరింగు, బెల్టు దగ్గరి పట్నంలో దొరుకుతాయో లేదో కూడా అడగాలి. ఇనుప మిషనుకు ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. మెడలో తువ్వాలుతో దాని దగ్గర కూర్చోరాదు.