కరెంటు పోతే కంప్యూటర్‌లోని ఫైళ్లు ఎందుకు పాడవుతాయి?

తాతల నాటి దస్తావేజులు, పాత పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచుకుంటున్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. కాగితానికి చెదలు పట్టినా కాపీ ఉందన్న ధీమా మనది. అయితే ఫైళ్లు ఎక్కిస్తుండగా కరెంటు పోతే ఆ కాపీకే ముప్పు రావచ్చు.

'సేవ్' నొక్కిన వెంటనే ఫైలు డిస్కులోకి చేరదు. ముందు ర్యామ్‌లో ఉంటుంది. సాధారణంగా కొన్ని సెకన్ల తర్వాత సిస్టమ్ దాన్ని డిస్కులో రాస్తుంది. ఈలోగా కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే పట్టిక సగం రాసి ఆగిపోతే, పాత ఫైళ్లు కూడా కనబడకుండా పోవచ్చు.

దీనికి విరుగుడే జర్నలింగ్. దుకాణంలో ముందు చిట్టా రాసి, తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టే, సిస్టమ్ కూడా చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు వచ్చాక చిట్టా చూసి, పూర్తిగా నమోదైన మార్పులను ఖాయం చేస్తుంది, సగంలో ఆగినవాటిని వదిలేస్తుంది. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 1993 నుంచి, లినక్స్‌లోని ఈఎక్స్‌టీ3లో 2001 నుంచి ఈ ఏర్పాటు ఉంది. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో ఎక్కువగా వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో ఇది లేదు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. చిట్టా ప్రధానంగా కాపాడేది పట్టికనే. మీరు చివరిగా టైప్ చేసిన పేజీకి అది హామీ ఇవ్వదు. అందుకే ఈ జాగ్రత్తలు:

• డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టుకోండి. పనిని సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి ఐదు నిమిషాలు చాలు.
• ఇన్వర్టర్ మీద నడిపితే దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారేలోపే కంప్యూటర్ ఆగిపోవచ్చు.
• పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేశాకే తీయండి.
• కరెంటు వచ్చాక కంప్యూటర్ డిస్కు తనిఖీ మొదలుపెడితే మధ్యలో ఆపకండి.
• మరో హార్డ్‌డిస్కులో కాపీ పెట్టి, పని కాగానే దాన్ని విడిగా తీసి ఉంచండి. వీలైతే ఇంకో కాపీ వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచండి.

ఫోన్‌లోంచి ఫొటోలు తీసేసే ముందు కాపీని ఒకసారి తెరిచి చూడండి. అసలు కాగితాలను మాత్రం ఎప్పటికీ పారేయకండి.